5.1లో ఎక్స్‌పోర్ట్ చేసిన బుర్రకథ టీవీలో పెడితే రెండు స్పీకర్లలోనే వస్తోంది, సాయం కావాలి

బ్రాడీపేట ఎడిటర్:

అందరికీ నమస్కారం. గుంటూరు బ్రాడీపేటలో వీడియో ఎడిటింగ్ చేస్తాను. ఎక్కువగా పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, అప్పుడప్పుడు స్కూలు వార్షికోత్సవాలు. తొమ్మిదేళ్లలో స్టీరియో దాటాల్సిన పని ఒక్కసారీ పడలేదు. ఇప్పుడు పడింది. పది రోజులుగా దీని మీదే కూర్చున్నాను.

మా పెదనాన్న నలభై ఏళ్లు బుర్రకథ దళంలో వంత, అంటే కథకుడి పక్కన నిలబడి వంతపాడే తోడు. మా ఊరు తాడికొండ దగ్గర. బుర్రకథ పితామహుడు నాజర్ గారి పొన్నెకల్లు కూడా ఆ చుట్టుపక్కలదే. పెదనాన్న గుమ్మెట (చేత్తో వాయించే డోలు) వాయిస్తూ రాజకీయం, అంటే కథ మధ్యలో నేటి సంగతుల మీద వ్యాఖ్యలు, చెప్పేవారు. చేతులు వణకడం మొదలయ్యాక మానేశారు. మొన్న శ్రీరామనవమికి పాత దళంలోని ముగ్గురూ గుడి ముందు పందిట్లో మళ్లీ నిలబడి బొబ్బిలి కథ చెప్పారు. గంటా నలభై నిమిషాలు. ఇదే ఆఖరుసారి అని ఆయనే ముందుగా చెప్పారు. అందుకే కెమెరా మైకుతో సరిపెట్టడానికి నాకు మనసు ఒప్పలేదు.

జూమ్ హెచ్6 రికార్డర్‌కి నాలుగు మైకులు కలిపాను. మధ్యలో తంబుర పట్టుకున్న కథకుడికి ఒకటి, రెండు పక్కల వంతలకు చెరొకటి, నాలుగోది స్టేజీ అంచున కింద, గజ్జెల కోసం. ఇంకో చిన్న రికార్డర్‌ని స్టేజీకి అరవై అడుగుల దూరంలో, జనం మధ్యలో పందిరి గుంజకు కట్టాను. కథకుడు ఊపందుకున్నప్పుడు ముసలివాళ్లు "ఆహా" అనడం, పిల్లల కేకలు, బయట ఆగిన ట్రాక్టర్ చప్పుడు, అన్నీ అందులో పడ్డాయి. మధ్య స్పీకర్లో కథకుడు, ఎడమ కుడి స్పీకర్లలో వంతలు, వెనక జనం. ముగ్గురు నిలబడే తీరే 5.1కి (ముందు మూడు, వెనక రెండు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్) సరిగ్గా సరిపోతుంది కదా అనిపించింది.

వచ్చే నెల పెదనాన్నకి ఎనభై నిండుతాయి. ఆ రోజు ఊళ్లో ఆయన ఇంట్లో ఈ వీడియో వేయాలి. ల్యాప్‌టాప్‌తో కాదు, పెన్‌డ్రైవ్ టీవీకి పెడితే చాలు అన్నట్టు ఉండాలి. ఎందుకంటే తర్వాత కూడా ఆయనకు ఎప్పుడు చూడాలనిపిస్తే అప్పుడు చూసుకోవాలి. మా ఇంట్లో ఉన్న హోమ్ థియేటర్ ఆయనకే ఇచ్చేస్తాను. పదేళ్ల పాతది, ఆరు స్పీకర్లూ బాగానే పనిచేస్తాయి. టీవీ నుంచి దానికి ఆప్టికల్ కేబుల్ ఉంది.

ఇప్పటిదాకా చేసినవి వరసగా చెబుతాను.

మొదటిసారి ప్రీమియర్ ప్రోలో మామూలు సీక్వెన్స్‌లోనే ఎడిట్ చేసి, ఎక్స్‌పోర్ట్ దగ్గర 5.1 అని పెట్టాను. మిక్స్ ట్రాక్ స్టీరియో అయితే చివర్లో 5.1 ఎంచుకున్నా లాభం లేదని తర్వాత అర్థమైంది. కొత్త సీక్వెన్స్ తీసుకుని, ట్రాక్స్ ట్యాబ్‌లో మిక్స్ దగ్గర 5.1 పెట్టి, క్లిప్పులన్నీ అందులోకి తెచ్చుకున్నాను. ఆడియో ట్రాక్ మిక్సర్‌లో ప్రతి మోనో ట్రాక్‌కీ చిన్న పలక, దాని మీద జరిపే చుక్క కనిపించాయి. ఒక్కొక్కరినీ వాళ్ల చోట నిలబెట్టాను. హెచ్.264, ఏఏసీ, 5.1, 48 కిలోహెర్ట్జ్, 512 కేబీపీఎస్. ఈ ఫైలు తెరిచి వీఎల్‌సీలో కోడెక్ సమాచారం చూస్తే ఛానెల్స్ దగ్గర 3ఎఫ్2ఆర్/ఎల్ఎఫ్ఈ అని ఉంది. అంటే ముందు మూడు, వెనక రెండు, లోతైన శబ్దాలకు విడిగా ఉండే ఎల్ఎఫ్ఈ ఒకటి, ఆరూ ఉన్నట్టే. కానీ పెన్‌డ్రైవ్‌లో వేసి టీవీకి పెడితే హోమ్ థియేటర్ డిస్‌ప్లే మీద పీసీఎం అని పడుతోంది. ముందున్న రెండు స్పీకర్లు, సబ్‌వూఫర్ మాత్రమే మోగుతున్నాయి. మధ్య స్పీకర్ దగ్గర చెవి పెట్టి చూశాను, చప్పుడే లేదు.

నా మిక్సింగే తప్పేమోనని, విజయవాడలో ప్రో టూల్స్ తెలిసిన స్నేహితురాలికి ట్రాకులన్నీ పంపాను. తను శ్రద్ధగా మిక్స్ చేసి ఆరు మోనో వేవ్ ఫైళ్లు 1 నుంచి 6 దాకా నంబర్లు వేసి పంపింది. వాటిని అదే వరసలో ఒకే 5.1 ఫైలుగా కలిపి ఎక్స్‌పోర్ట్ చేశాను. ఈసారి టీవీ మీద అనుమానంతో ల్యాప్‌టాప్ నుంచి హెచ్‌డీఎంఐ కేబుల్ నేరుగా హోమ్ థియేటర్‌కి పెట్టాను. ఆరు స్పీకర్లూ మోగాయి! కానీ కథకుడి గొంతు కుడి స్పీకర్‌లో వస్తోంది. కుడివైపు ఉండాల్సిన వంత మధ్యలోకి వచ్చేశాడు. వెనక కుడి స్పీకర్‌లో గుమ్మెట గుబగుబ తప్ప ఇంకేమీ లేదు. జనం ఒక పక్కే వినిపిస్తున్నారు.

స్నేహితురాలు తన దగ్గర అంతా సరిగ్గానే ఉందంటోంది, నేను నమ్ముతున్నాను. తప్పు ఎక్కడ జరుగుతోందో చెప్పండి. చాలా టెన్షన్‌గా ఉంది, మళ్లీ రికార్డు చేసుకునే అవకాశం లేదు.

గవర్నర్‌పేట సర్వీస్:

అమ్మా, నేను విజయవాడ గవర్నర్‌పేటలో ఇరవై ఆరేళ్లుగా ఆంప్లిఫయర్లు, హోమ్ థియేటర్లు బాగుచేస్తున్నాను. మీ రెండు కష్టాలూ వేరువేరు. మొదటిదానికి జవాబు మీ పోస్టులోనే ఉంది. హెచ్‌డీఎంఐతో నేరుగా పెట్టినప్పుడు ఆరూ మోగాయి అన్నారు చూడండి, అదే. స్పీకర్లు బాగున్నాయి, ఆంప్లిఫయర్ బాగుంది. టీవీకీ దానికీ మధ్య ఉన్న ఆప్టికల్ దారి ఇరుకు.

ఆప్టికల్ కేబుల్‌లో పీసీఎం, అంటే కుదించని శబ్దం, రెండు ఛానెళ్లకు మించి పోదు. ఆరు ఛానెళ్లు పోవాలంటే అవి డాల్బీ డిజిటల్‌గానో డీటీఎస్‌గానో కుదించి ఉండాలి. ఏసీ3 అన్నా డాల్బీ డిజిటల్ అన్నా ఒకటే. మీ ఫైల్లో ఉన్నది ఏఏసీ, అది వేరే రకం కుదింపు. టీవీ దాన్ని తనే విప్పి, ఆరింటినీ రెండుగా కలిపి, పీసీఎంగా కిందికి పంపుతోంది. డిస్‌ప్లే మీద పీసీఎం అని పడటం అందుకే. సబ్‌వూఫర్ మోగుతోందంటే అది మీ ఎల్ఎఫ్ఈ ఛానెల్ కాదు, ముందు స్పీకర్ల బేస్‌ని ఆంప్లిఫయరే అటు మళ్లిస్తోంది. నా బల్ల మీదికి వచ్చే "రెండు స్పీకర్లే మోగుతున్నాయి" కేసుల్లో చాలావాటికి సెట్ విప్పే పనే ఉండదు, అంతా ఇలాంటి కథే. ఆప్టికల్ తీసేసి హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీకి (టీవీ శబ్దాన్ని హెచ్‌డీఎంఐ కేబుల్‌లోనే ఆంప్లిఫయర్‌కి పంపే దారి) మార్చినా ఇదే హద్దు. హెచ్‌డీఎంఐ 2.1తో వచ్చిన ఈఏఆర్‌సీలో ఆరు ఛానెళ్ల పీసీఎం పోతుంది, కానీ టీవీ, ఆంప్లిఫయర్ రెండింటికీ అది ఉండాలి. మీది పదేళ్ల సెట్ అన్నారు కాబట్టి ఆ ఆశ వదిలేయండి. దాని కోసం కొత్తది కొనక్కర్లేదు కూడా.

చేయాల్సింది ఇది. మీరు తీసిన ఫైలు అలాగే ఉంచి, శబ్దాన్ని మాత్రం ఏసీ3గా మార్చండి. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే మార్పిడి సాఫ్ట్‌వేర్ ఉచితమే. వీడియో కోడెక్ దగ్గర కాపీ, ఆడియో కోడెక్ దగ్గర ఏసీ3, బిట్‌రేట్ 640కే ఇస్తే చాలు. వీడియో కాపీ అన్నాం కాబట్టి బొమ్మ నాణ్యత పిసరంత కూడా తగ్గదు, పని కూడా త్వరగా అయిపోతుంది. 640 అనేది ఏసీ3కి గరిష్ఠం. డీవీడీల్లో అయితే 448 దాటకూడదు. మీది పెన్‌డ్రైవ్ కాబట్టి 640 వాడుకోండి. హ్యాండ్‌బ్రేక్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌తో అయితే మిక్స్‌డౌన్ దగ్గర 5.1 ఛానెల్స్ అని ఉందో లేదో తప్పక చూసుకోండి, స్టీరియో అని ఉంటే మళ్లీ మొదటికొస్తారు. పైగా అది వీడియోని కూడా మళ్లీ ఎన్‌కోడ్ చేస్తుంది.

తర్వాత టీవీ సెట్టింగ్స్‌లో డిజిటల్ ఆడియో అవుట్‌పుట్ అని ఉంటుంది. అక్కడ పీసీఎం ఉంటే తీసేసి పాస్‌త్రూ, బిట్‌స్ట్రీమ్, ఆటో వీటిలో ఏది ఉంటే అది పెట్టండి. ఇది మర్చిపోతే ఏసీ3 ఫైలు కూడా రెండు స్పీకర్లలోనే వస్తుంది. పెదనాన్నగారి టీవీ వేరే కదా, అక్కడ కూడా ముందే ఒకసారి చూసి రండి. గంటా నలభై నిమిషాలదీ మార్చి కూర్చోకుండా ముందు ఒక్క నిమిషం ముక్క చేసి పెట్టండి. డిస్‌ప్లే మీద డాల్బీ డిజిటల్ అని పడిందంటే గట్టెక్కినట్టే.

బెజవాడ మిక్సింగ్:

రెండో సమస్య నేను చెబుతాను మేడమ్. మీ స్నేహితురాలి మిక్స్‌లో తప్పు లేదు, మీరు కలపడంలోనూ తప్పు లేదు. వరసలు రెండు రకాలు, అంతే.

ప్రో టూల్స్‌లో ఫిల్మ్ వరస అని ఒకటి ఉంటుంది: ఎడమ, మధ్య, కుడి, వెనక ఎడమ, వెనక కుడి, ఎల్ఎఫ్ఈ. తెర వెనక స్పీకర్లు నిలబడిన వరస అది. వీడియో సాఫ్ట్‌వేర్లూ వేవ్ ఫైళ్లూ మామూలుగా వాడేది ఇంకోటి: ఎడమ, కుడి, మధ్య, ఎల్ఎఫ్ఈ, వెనక ఎడమ, వెనక కుడి. తను మొదటి వరసలో నంబర్లు వేసింది, మీ సాఫ్ట్‌వేర్ రెండో వరసలో చదివింది. ఇప్పుడు మీ లక్షణాలతో సరిచూడండి. 2 నంబర్ ఫైలు మధ్యది, అది కుడిలోకి పోయింది. కథకుడు కుడి స్పీకర్‌లో రావడం అందుకే. 3 కుడిది, మధ్యలోకి వచ్చింది. 4 వెనక ఎడమ జనం, వాళ్లు ఎల్ఎఫ్ఈలో పడి సబ్‌వూఫర్‌లో మాయమయ్యారు. 5 వెనక కుడిది, వెనక ఎడమకు పోయింది. 6 ఎల్ఎఫ్ఈ, మీరన్న గుబగుబ అదే, వెనక కుడి స్పీకర్‌లో తేలింది. 1 ఒక్కటే తన చోట ఉంది. మీరు విన్నది విన్నట్టు రాశారు కాబట్టి ఇక్కడ కూర్చునే పట్టుకోగలిగాను.

ఆరు ఫైళ్లకూ నంబర్లు తీసేసి ఛానెల్ పేర్లు పెట్టుకోండి, పేరు చూసి కలపండి. ఇంకో మాట. నేను ఏ 5.1 పని చేసినా కథ మొదలయ్యే ముందు ఆరు సెకన్లు నా గొంతుతో "ఎడమ", "కుడి", "మధ్య", "వెనక ఎడమ" అని ఒక్కో ఛానెల్‌లో ఒక్కో మాట పెట్టి ఎక్స్‌పోర్ట్ చేస్తాను. ఆ ముక్కని ఎక్కడ వేయాలో అక్కడే వేసి వింటాను. "మధ్య" అన్న మాట మధ్యలోంచి వస్తే మిగతాది నమ్మొచ్చు. ఎల్ఎఫ్ఈకి మాట పనికిరాదు, సుమారు 120 హెర్ట్జ్ పైన దాంట్లో ఏదీ వినిపించదు, గుమ్మెట దెబ్బ ఒకటి పెట్టండి. అంతా సరిపోయాక ఆ ముక్క కోసేయండి.

గుమ్మెట అంటే గుర్తొచ్చింది. దాని బేస్ మొత్తం ఎల్ఎఫ్ఈలోనే వేయలేదు కదా? వేసి ఉంటే వెనక్కి తీసుకురండి. 5.1ని స్టీరియోగా కలిపేటప్పుడు ఎల్ఎఫ్ఈని సాధారణంగా వదిలేస్తారు. రేపు మీ పిల్లలెవరైనా ఫోన్‌లో చూస్తే గుమ్మెట పేలవంగా తడతడలాడుతుంది. సినిమాలో బాంబులకు, భూకంపాలకు పుట్టిన ఛానెల్ అది. అక్కడ ప్లేబ్యాక్‌లో 10 డెసిబెల్స్ అదనంగా కూడా ఇస్తారు. బుర్రకథకు దాని అవసరమే లేదు. గుమ్మెటని ముందు స్పీకర్‌లోనే నిండుగా ఉంచండి, కిందిస్థాయి శబ్దాన్ని ఆంప్లిఫయరే సబ్‌వూఫర్‌కి పంపుకుంటుంది.

బ్రాడీపేట ఎడిటర్:

ఇద్దరికీ చేతులెత్తి దండం పెడుతున్నాను. నిన్న రాత్రి పదకొండింటికి డాల్బీ డిజిటల్ అన్న అక్షరాలు మా డిస్‌ప్లే మీద పడ్డాయి. మా అమ్మని నిద్ర లేపి చూపించాను. టీవీలో పీసీఎం అనే ఉంది, ఆటోకి మార్చాక వచ్చింది. ఛానెళ్ల పేర్లు నా గొంతుతోనే పెట్టాను, అన్నీ వాటి చోట్లే పలికాయి. ఎల్ఎఫ్ఈ గురించి మీరన్నది నిజమే అండీ, గుమ్మెట సగం అందులోనే వేసి పెట్టాం. స్నేహితురాలికి చెబితే వెంటనే మార్చి పంపింది.

ఒక్కటి మిగిలింది. జనం ఉన్న రికార్డర్‌లో స్టేజీ శబ్దం కూడా పడింది కదా. ప్రతి గుమ్మెట దెబ్బకీ వెనక స్పీకర్లలో ఇంకో దెబ్బ ఆలస్యంగా వినిపిస్తోంది. కథ చివరికి వచ్చేసరికి ఆ ఆలస్యం ఇంకా పెరిగినట్టుంది.

తెనాలి నాటకాల రికార్డింగ్:

పరిషత్తు నాటకాలు రికార్డు చేస్తుంటాను, ఇది నాకు బాగా అలవాటైన తిప్పలు. శబ్దం సెకనుకి సుమారు 343 మీటర్లు నడుస్తుంది. అరవై అడుగులంటే 18 మీటర్లు, అంటే మీ గుంజ దగ్గరికి దెబ్బ చేరడానికి 50 మిల్లీసెకన్ల పైనే పడుతుంది. 25 ఫ్రేముల వీడియోలో ఒక ఫ్రేము కంటే ఎక్కువ. పొడిగా కొట్టే గుమ్మెట లాంటి వాద్యానికి ఈమాత్రం తేడా వచ్చినా రెండు దెబ్బలుగా విడిపోయి వినిపిస్తుంది.

మొదట్లో ఒక గట్టి దెబ్బ చూసి వెనక ట్రాక్‌ని ముందుకు జరిపి కలపండి. నేనైతే పూర్తిగా కలిపేయను, 10 నుంచి 15 మిల్లీసెకన్లు వెనకే ఉంచుతాను. పందిట్లో కూర్చున్నట్టు ఉంటుంది, దెబ్బ మాత్రం ఒకటే అవుతుంది. జరిపేటప్పుడు ఫ్రేముల్లో కాకుండా ఆడియో యూనిట్లలో జరపండి, ఫ్రేము చాలా పెద్ద అడుగు. చివర్లో ఆలస్యం పెరగడానికి కారణం వేరు. రెండు రికార్డర్ల గడియారాలు ఒకేలా నడవవు. జనం కేకలేసే చోట్లు చూసుకుని ట్రాక్‌ని పది, పన్నెండు ముక్కలుగా కోసి, ప్రతి ముక్కనీ విడిగా కలపండి. కేకలో కోత తెలియదు. జనం ట్రాక్ ఎంత బాగున్నా కథ నడుస్తున్నప్పుడు తగ్గించి, "తందాన తాన" అయ్యాక వచ్చే ఊపులో మాత్రం పైకి లేపండి.

బ్రాడీపేట ఎడిటర్:

పదకొండు ముక్కలు కోశాను. రెండో దెబ్బ పోయింది. పందిరి వచ్చేసింది మా గదిలోకి!

నిన్న పెదనాన్న పళ్లు కట్టించుకోవడానికి గుంటూరు వచ్చారు. పుట్టినరోజు దాకా దాచుదామనుకున్నాను కానీ ఆగలేకపోయాను. గది మధ్యలో కుర్చీ వేసి కూర్చోబెట్టాను. పావుగంట కదలకుండా విన్నారు. తర్వాత నా వైపు తిరిగి, "అంతా బాగుందమ్మా, కానీ కథకుడు తప్పు చోట ఉన్నాడు" అన్నారు. నాకు గుండె జారిపోయింది. మళ్లీ ఛానెళ్లు తారుమారయ్యాయేమోనని లేచాను. ఆయన ఆపి, చేత్తో చూపిస్తూ చెప్పారు: "నేను వాడికి కుడిపక్కన నిలబడేవాణ్ని. నలభై ఏళ్లు వాడి గొంతు నా ఎడం చెవిలోనే మోగింది. ఇక్కడ వాడు ఎదురుగా ఉన్నాడు, నా గుమ్మెటేమో ఎక్కడో ఎడమ మూల ఉంది."

నేను జనంలో కూర్చున్నట్టు మిక్స్ చేశాను. తెర మీద బొమ్మ అటువైపు నుంచే ఉంది కాబట్టి అదే సరి. కానీ ఆయన ఒక్కసారి కూడా ఆ వైపు కూర్చుని తన కథ వినలేదు. ఈ సంగతి నాకు తట్టనే లేదు.

అందుకని రాత్రి రెండో మిక్స్ చేశాను. గుమ్మెట మధ్య స్పీకర్‌లో, దగ్గరగా. కథకుడు ఎడమలో. రెండో వంత ఇంకాస్త ఎడమకి, వెనక స్పీకర్ వైపు, నెమ్మదిగా. జనాన్ని వెనక నుంచి తీసి ముందుకు తెచ్చి రెండు పక్కలా పరిచాను, ఎందుకంటే స్టేజీ మీద వాళ్లు ఎదురుగానే కదా ఉంటారు. బొమ్మకీ శబ్దానికీ పొంతన లేదు, నాకు తెలుసు. అయినా పెదనాన్న కళ్లు మూసుకుని విన్నారు, వేళ్లు ఒళ్లో తాళం వేస్తూనే ఉన్నాయి.

రెండు మిక్సులూ ఏసీ3 చేసి, ఎంకేవీటూల్‌నిక్స్‌తో ఒకే ఎంకేవీ ఫైల్లో రెండు ఆడియో ట్రాకులుగా పెట్టాను. రిమోట్‌లో ఆడియో బటన్ నొక్కితే మారుతున్నాయి. ఎవరికైనా పనికొస్తుందని చెబుతున్నాను, 640 కేబీపీఎస్‌లో గంటా నలభై నిమిషాలకి ఒక్కో ట్రాక్ 480 ఎంబీ అవుతోంది. రెండోది చేరేసరికి ఫైలు 4 జీబీ దాటి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కనంది. ఎఫ్ఏటీ32 ఫార్మాట్‌లో అంతకు మించిన ఫైలు పట్టదు. ఎక్స్‌ఫ్యాట్‌కి మార్చాను, ఊళ్లో ఉన్న టీవీ దాన్ని చదువుతోందని మా అన్నయ్య వెళ్లి చూసి ఫోన్ చేశాడు.

మా చుట్టాలకిచ్చే పెన్‌డ్రైవ్‌లలో జనం వైపు మిక్స్ మొదటి ట్రాక్. పెదనాన్నకిచ్చే దాంట్లో మాత్రం పెట్టగానే ఆయన స్టేజీ మీదదే మోగేలా డిఫాల్ట్ పెట్టాను.